పాఠం వీడియోలో స్క్రీన్ మీది అక్షరాలు స్పష్టంగా కనిపించాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎక్సెల్, పైథాన్ లాంటివి తెలుగులో నేర్పే వీడియోలు చేసేవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇవి. చాలామంది కొత్త మైకు, కొత్త లాప్‌టాప్ కొనాలేమో అన్న టెన్షన్‌తో వస్తారు. నా అనుభవంలో నూటికి తొంభై సందర్భాల్లో డబ్బు ఖర్చుపెట్టాల్సిన పనే ఉండదు. రికార్డ్ బటన్ నొక్కకముందు ఓ పావుగంట వెచ్చిస్తే చాలు.

నా స్క్రీన్ మీద అద్దంలా ఉంది, వీడియోలో మాత్రం మసకగా ఉంది. ఎందుకు?

తొంభై శాతం కారణం సైజుల తేడా. మీ స్క్రీన్ అడ్డంగా 1366 చుక్కలు, నిలువుగా 768 చుక్కలు అనుకోండి. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ మాత్రం 1920×1080 వీడియో తయారు చేస్తోంది. అంటే ఒక్కో చుక్కను సుమారు 1.4 చుక్కలుగా సాగదీయాలి. చుక్కను ఒకటింబావు, ఒకటిన్నర అని విడగొట్టలేం కాబట్టి సాఫ్ట్‌వేర్ పక్కపక్క చుక్కల రంగులు కలిపి సర్దేస్తుంది. ఫోటోలో అయితే ఈ సర్దుబాటు కంటికి తెలియదు. అక్షరం గీత మందం ఒకటి రెండు చుక్కలే కాబట్టి అక్కడ వెంటనే బయటపడుతుంది.

పెద్ద దాన్ని చిన్నది చేసినా ఇదే జరుగుతుంది. 1920×1080 స్క్రీన్‌ను 1280×720గా రికార్డు చేస్తే మూడు చుక్కల సమాచారం రెండు చుక్కల్లో ఇమడాలి. ఏదో ఒకటి పోతుంది.

కాబట్టి మొదటి నియమం: స్క్రీన్ సైజు, రికార్డింగ్ సైజు, ఎడిటింగ్ ప్రాజెక్టు సైజు, చివర్లో బయటికి తీసే ఫైల్ సైజు, నాలుగూ ఒకటే ఉండాలి (సరిగ్గా రెట్టింపు చేయడం, 4కే నుంచి జూమ్ చేయడం లాంటి మినహాయింపులు కింద చెప్తాను). ఈ నాలుగింట్లో ఒక్కటి తేడాగా ఉన్నా మిగతా మూడింటి శ్రమ వృథా అవుతుంది. నలభై నిమిషాల పాఠం ఒకటి నేను ఇలాగే పోగొట్టుకున్నాను. రికార్డింగ్ బాగానే వచ్చింది, ఎడిటింగ్ ప్రాజెక్టు మాత్రం 720లో తెరిచి ఉంది. మొత్తం ఎడిటింగ్ అయ్యాకగానీ చూసుకోలేదు.

ఓబీఎస్‌లో ఈ సైజులు ఎక్కడ మార్చాలి?

ఓబీఎస్ స్టూడియో స్క్రీన్ రికార్డు చేసే ఉచిత సాఫ్ట్‌వేర్. 2012లో మొదలైంది, విండోస్, మాక్, లినక్స్ మూడింట్లోనూ నడుస్తుంది. సెట్టింగ్స్‌లో వీడియో అనే పేజీకి వెళ్ళండి. అక్కడ బేస్ క్యాన్వాస్ రిజల్యూషన్, అవుట్‌పుట్ స్కేల్డ్ రిజల్యూషన్ అని రెండు గడులు ఉంటాయి. రెండింట్లోనూ మీ స్క్రీన్ అసలు సైజే ఉండాలి. ఆ తర్వాత ముందు పేజీకి వచ్చి, మొత్తం తెరను పట్టుకునే డిస్‌ప్లే క్యాప్చర్ జోడించాక, ఎర్ర గీతల పెట్టె క్యాన్వాస్ అంచులకు సరిగ్గా ఆనిందో లేదో చూడండి. పొరపాటున మౌస్‌తో ఆ పెట్టెను కొంచెం లాగినా స్కేలింగ్ మొదలైపోతుంది. అనుమానం ఉంటే దాని మీద రైట్ క్లిక్ చేసి, ట్రాన్స్‌ఫార్మ్‌లో రీసెట్ కొట్టండి.

ఇక నాణ్యత. సింపుల్ మోడ్‌లో రికార్డింగ్ క్వాలిటీ దగ్గర 'సేమ్ యాజ్ స్ట్రీమ్' అని ఉంటే వెంటనే మార్చండి. అది లైవ్ ప్రసారం కోసం పెట్టిన తక్కువ బిట్‌రేట్‌ను (సెకనుకు వాడే డేటాను) తీసుకుంటుంది. 'హై క్వాలిటీ, మీడియం ఫైల్ సైజ్' సరిపోతుంది. అడ్వాన్స్‌డ్ మోడ్ అలవాటున్నవాళ్ళు రేట్ కంట్రోల్‌లో సీఆర్ఎఫ్ గానీ సీక్యూపీ గానీ ఎంచుకుని 18కి అటూ ఇటూగా పెట్టుకోవచ్చు. ఈ అంకె తగ్గేకొద్దీ నాణ్యత పెరుగుతుంది. స్థిరమైన బిట్‌రేట్ కంటే ఇది పాఠాలకు నప్పుతుంది. మీరు మాట్లాడుతూ స్క్రీన్ కదలకుండా ఉన్నంతసేపూ ఫైల్ పెద్దగా పెరగదు, పేజీ మారినప్పుడు మాత్రం కావలసినంత డేటా వాడుకుంటుంది.

నాది పాత 1366×768 లాప్‌టాప్. దీంతో కుదురుతుందా?

కుదురుతుంది. నేను మొదటి రెండేళ్ళ పాఠాలు అలాంటి లాప్‌టాప్‌లోనే చేశాను.

1366×768 ఫైల్‌ను యూట్యూబ్‌లో పెడితే దానికి సరిగ్గా సరిపోయే సైజు అక్కడ లేదు. దాని దగ్గర ఉన్నవి 360, 480, 720, 1080 లాంటి మెట్లు. అందుకని రికార్డింగ్ సమయంలో విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రిజల్యూషన్‌ను 1280×720కి మార్చండి. మీ కంటికి స్క్రీన్ కాస్త మెత్తగా కనిపిస్తుంది. కంగారుపడకండి, ఆ మెత్తదనం ప్యానెల్‌ది మాత్రమే. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ పట్టుకునేది గ్రాఫిక్స్ చిప్ గీసిన అసలు బొమ్మని, అది ఖచ్చితంగా 1280×720 చుక్కలతో స్పష్టంగా ఉంటుంది.

ఇంకొక మెట్టు పైకి వెళ్ళాలంటే, ఎడిటింగ్ అయ్యాక ఫైల్‌ను 2560×1440గా బయటికి తీయండి. 1280కి 2560, 720కి 1440 సరిగ్గా రెట్టింపు. ఒక్క చుక్క నాలుగు చుక్కలవుతుంది, ఎక్కడా సగాలూ పావులూ రావు. షాట్‌కట్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళు ఎక్స్‌పోర్ట్‌లో ఇంటర్‌పోలేషన్ దగ్గర నియరెస్ట్ నైబర్ ఎంచుకోవాలి. పాత లాప్‌టాప్‌లో ఎక్స్‌పోర్ట్‌కి చాలాసేపు పడుతుంది, రాత్రి పెట్టి పడుకోండి.

అక్షరాలు ఎంత పెద్దగా ఉండాలి?

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే, అడిగేవాళ్ళు మాత్రం తక్కువ.

పదిహేనున్నర అంగుళాల లాప్‌టాప్ తెర వెడల్పు దాదాపు 34 సెంటీమీటర్లు. ఆరున్నర అంగుళాల ఫోన్‌ను అడ్డంగా తిప్పితే వీడియో వెడల్పు సుమారు 12 సెంటీమీటర్లు. నిలువుగా పట్టుకుని చూస్తే 7 సెంటీమీటర్లు కూడా రాదు. అంటే మీరు చూస్తున్న అక్షరం అయిదో వంతుకు కుంచించుకుపోయి చేరుతుంది. మన పాఠాలు చూసేవాళ్ళలో ఎంతమంది చేతిలో ఫోన్ మాత్రమే ఉంటుందో మనకు తెలుసు. అమీర్‌పేటలో క్లాసుకి వెళ్ళలేక ఊళ్ళో కూర్చుని నేర్చుకునే కుర్రాడికి ఆ 7 సెంటీమీటర్లే బ్లాక్‌బోర్డు.

కంప్యూటర్ ఉన్నవాళ్ళు కూడా వీడియోను పూర్తి స్క్రీన్‌లో పెట్టుకోరు. సగంలో వీడియో, సగంలో సాఫ్ట్‌వేర్ పెట్టుకుని చూస్తూ చేస్తారు. ఐఐటీ బాంబే వారి స్పోకెన్ ట్యుటోరియల్ ప్రాజెక్టు నేర్పే పద్ధతే ఇది. తెలుగుతో సహా అనేక భారతీయ భాషల్లో వాళ్ళ సాఫ్ట్‌వేర్ పాఠాలున్నాయి. నేర్చుకునేవాళ్ళు వాటిని తమ పని పక్కన పెట్టుకుని చూడాలన్నది వాళ్ళ ఉద్దేశం.

కాబట్టి విండోస్‌లో డిస్‌ప్లే స్కేలింగ్‌ను 150 శాతానికి పెంచండి. 1920×1080 స్క్రీన్ మీద ఇలా చేస్తే 1280×720లో ఉన్నంత పెద్ద అక్షరాలు, 1080 నాణ్యతతో వస్తాయి. మార్చాక ఒకసారి సైన్ అవుట్ అయి మళ్ళీ సైన్ ఇన్ అవ్వండి, లేకపోతే కొన్ని పాత సాఫ్ట్‌వేర్లు స్క్రీన్ మీదే మసకగా కనిపిస్తాయి. దీనిపైన ఎక్సెల్‌లో జూమ్ 150కి, వీఎస్ కోడ్‌లో ఫాంట్ సైజు 14 నుంచి 22కి పెంచండి. బ్రౌజర్‌లో కంట్రోల్, ప్లస్ మీటలు నొక్కితే సరి.

'అప్పుడు స్క్రీన్ మీద ఏమీ పట్టదు కదా' అంటారు. పట్టకూడదు కూడా. ఒకేసారి నలభై లైన్ల కోడ్ చూపిస్తే చూసేవాడి కన్ను ఎక్కడ నిలవాలి? పన్నెండు పదిహేను లైన్లు చాలు.

తెలుగు అక్షరాలు టైపు చేసి చూపించేటప్పుడు వేరే జాగ్రత్త ఏమైనా ఉందా?

ఉంది. ఇంగ్లీషు అక్షరం ఒక వరుసలో ఉంటుంది. మనకు పైన గుడులు, కింద ఒత్తులు, మధ్యలో అక్షరం. ఒకే ఎత్తులో మూడు అంతస్తులు ఇమడాలి. 'స్త్రీ' అని రాస్తే కింద రెండు ఒత్తులు ఇరుక్కుంటాయి. 'ప', 'ఫ', 'ఘ' లాంటి వాటి మధ్య తేడా చిన్న గీతే. వీడియో కుంచించుకుపోయినప్పుడు మొదట కరిగిపోయేవి అవే. ఇంగ్లీషుకు 22 సైజు పెడితే తెలుగుకు 30 పెట్టండి, లైన్ల మధ్య ఖాళీ పెంచండి. గౌతమి లాంటి సన్న గీతల ఫాంట్ కంటే నిర్మలా యూఐ గానీ నోటో సాన్స్ తెలుగు గానీ కాస్త మందంగా పెట్టుకుంటే వీడియోలో నిలబడుతుంది.

ఎర్ర అక్షరాలు మాత్రమే అలుక్కుపోయినట్టు కనిపిస్తున్నాయి. తప్పు ఎక్కడ?

మీ తప్పేమీ లేదు, వీడియో ఫైళ్ళ తయారీయే అలాంటిది. మామూలు వీడియోలో వెలుతురు సమాచారం ప్రతి చుక్కకూ విడిగా ఉంటుంది. రంగు సమాచారం మాత్రం నాలుగు చుక్కలకు కలిపి ఒక్కటే. 4:2:0 అనేది ఈ పద్ధతి పేరే. 1920×1080 వీడియోలో రంగుల బొమ్మ నిజానికి 960×540. తెల్ల కాగితం మీద నల్ల అక్షరానికి నష్టం లేదు, దాని ఆకారమంతా వెలుతురులోనే ఉంటుంది. నల్లని నేపథ్యం మీద ఎరుపు సంగతి వేరు. వెలుతురు లెక్కలో ఆకుపచ్చ వాటా 72 శాతం దాకా ఉంటే ఎరుపు వాటా 21, నీలం వాటా 7. అక్షరం ఆకారంలో పెద్ద భాగం రంగు సమాచారం మీదే ఆధారపడుతుంది, అది సగం సైజులో ఉంది. అందుకే అలుక్కుపోతుంది.

ఓబీఎస్‌లో కలర్ ఫార్మాట్‌ను ఐ444గా మార్చుకోవచ్చు గానీ, యూట్యూబ్ మళ్ళీ 4:2:0కే మారుస్తుంది. కొన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు అలాంటి ఫైల్‌ను తెరవవు కూడా. దానికంటే నల్లని నేపథ్యం మీద ఎరుపు, ముదురు నీలం అక్షరాలు లేకుండా చూసుకోవడం సులువు. గుర్తుపెట్టాల్సిన చోట తెల్ల నేపథ్యం మీద ఎర్ర పెట్టె గీయండి, లోపలి అక్షరాన్ని నల్లగానే ఉంచండి.

డార్క్ థీమా, లైట్ థీమా?

నేను లైట్ థీమ్ వైపు. పగటిపూట బస్సులోనో వరండాలోనో ఫోన్ చూసేవాళ్ళకు నల్ల తెరలో తమ ముఖమే కనిపిస్తుంది. డార్క్ థీమ్‌లో కామెంట్లు బూడిద రంగులో ఉంటాయి, వీడియో ఫైల్‌ను కుదించే కంప్రెషన్ వాటినే ముందు మింగేస్తుంది. డార్క్ తప్పదు అనుకుంటే హై కాంట్రాస్ట్ రకం ఎంచుకోండి. డెస్క్‌టాప్ మీద ఫోటో తీసేసి ఒకే రంగు పెట్టండి.

యూట్యూబ్‌లో పెట్టగానే క్వాలిటీ పడిపోయింది. ఏం చేయాలి?

ముందు కాసేపు ఆగాలి. యూట్యూబ్ మొదట తక్కువ నాణ్యత కాపీని తయారు చేసి చూపిస్తుంది, పెద్దవి ఆ తర్వాత వస్తాయి. అన్‌లిస్టెడ్‌గా (లింకు ఉన్నవాళ్ళకే కనిపించేలా) అప్‌లోడ్ చేసి, ప్లేయర్ గేర్ గుర్తులో మీ అసలు సైజు కనిపించాక పబ్లిక్ చేయండి.

రెండోది, మీరు పంపే ఫైల్‌లో సరుకు ఉండాలి. సెకనుకు 30 ఫ్రేముల 1080 వీడియోకు 8 ఎంబీపీఎస్ (సెకనుకు 8 మెగాబిట్లు), 1440కి 16 ఎంబీపీఎస్ పంపమని యూట్యూబే సూచిస్తుంది. 8 అంటే గంట పాఠానికి సుమారు 3.6 జీబీ. పది నిమిషాల పాఠానికి 600 ఎంబీ. ఎలాగూ వాళ్ళు కుదిస్తారు కదా అని మనమే ముందు కుదించి పంపితే రెండుసార్లు నలిగినట్టు అవుతుంది.

మూడోది, చిన్న ఛానళ్ళ 1080 వీడియోలకు యూట్యూబ్ సాధారణంగా పాత హెచ్.264 కోడెక్ (వీడియోను కుదించే పద్ధతి) వాడుతుంది. 1440 లేదా అంతకంటే పెద్ద ఫైల్ పంపితే వీపీ9 వాడుతుంది, అందులో సన్న గీతలు మెరుగ్గా నిలుస్తాయి. 1080లో చేసిన పాఠాన్ని సరిగ్గా రెట్టింపు చేసి 2160గా పంపడం వెనక కారణం ఇదే. కొత్త వివరాలు పుట్టవు గానీ, ఉన్నవి పోకుండా ఉంటాయి.

30 ఫ్రేములా, 60 ఫ్రేములా?

30. గేముల వీడియోలకే 60 అవసరం.

మౌస్ పాయింటర్ ఎక్కడుందో కనబడటం లేదంటున్నారు.

విండోస్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలోకి వెళ్ళి మౌస్ పాయింటర్ సైజు పెంచండి, పసుపు రంగు ఇవ్వండి. జూమ్‌ఇట్ అనే చిన్న ఉచిత సాధనం మైక్రోసాఫ్ట్ సిస్‌ఇంటర్నల్స్ నుంచి దొరుకుతుంది. కంట్రోల్, 1 నొక్కితే పాయింటర్ ఉన్నచోట స్క్రీన్ పెద్దదవుతుంది, కంట్రోల్, 2 నొక్కితే దాని మీద గీయొచ్చు.

సాధనాలకంటే చేతి అలవాటు ముఖ్యం. మాట్లాడుతూ మౌస్‌ను గుండ్రంగా తిప్పడం చాలామందికి తెలియకుండానే జరుగుతుంది. చూసేవాళ్ళు ఆ కదలికను వెతుక్కుంటూ మీ మాట వదిలేస్తారు. చెప్పండి, జరపండి, ఆగండి, నొక్కండి. నొక్కే ముందు ఒక్క క్షణం ఆగితే వెనక నుంచి అనుసరిస్తున్నవాళ్ళు అందుకుంటారు. 'ఇక్కడ క్లిక్ చేయండి' అనకుండా 'పైన హోమ్ పక్కనున్న ఇన్సర్ట్ మీద క్లిక్ చేయండి' అని చెప్పండి.

ఓబీఎస్‌లో నల్ల తెర తప్ప ఏమీ రావడం లేదు.

రెండు గ్రాఫిక్స్ చిప్‌లున్న లాప్‌టాప్‌లలో ఇది మామూలే. స్క్రీన్‌ను ఒక చిప్ నడుపుతుంటే ఓబీఎస్ రెండోదాని మీద నడుస్తుంటుంది. డిస్‌ప్లే క్యాప్చర్ ప్రాపర్టీస్‌లో క్యాప్చర్ మెథడ్‌ను 'విండోస్ 10' అని ఉన్నదానికి మార్చి చూడండి. అప్పటికీ రాకపోతే విండోస్ గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లో ఓబీఎస్‌ను జోడించి పవర్ సేవింగ్ ఎంచుకోండి.

విండోస్‌లోనే ఉన్న గేమ్ బార్ సరిపోదా? ఫోన్ యాప్ నేర్పాలంటే?

గేమ్ బార్ ఒక్క యాప్ కిటికీనే రికార్డు చేస్తుంది. డెస్క్‌టాప్, ఫైల్ ఎక్స్‌ప్లోరర్ దానికి చేతకావు, పాఠం మధ్యలో ఫోల్డర్ తెరవాల్సి వస్తే ఇరుక్కుంటారు. విండోస్ 11 స్నిప్పింగ్ టూల్‌లోనూ ఇప్పుడు రికార్డింగ్ ఉంది, చిన్న పాఠాలకు పనికొస్తుంది. మాక్‌లో కమాండ్, షిఫ్ట్, 5 నొక్కితే చాలు.

ఆండ్రాయిడ్ 11 నుంచి ఫోన్‌లోనే స్క్రీన్ రికార్డర్ ఉంది, ఐఫోన్లలో ఐఓఎస్ 11 నుంచి. ఆండ్రాయిడ్‌లో డెవలపర్ ఆప్షన్స్ తెరిచి షో ట్యాప్స్ ఆన్ చేస్తే వేలు తగిలిన చోట తెల్ల చుక్క కనిపిస్తుంది. ఫోన్ రికార్డింగ్‌లో ఫ్రేముల వేగం మారుతూ ఉంటుంది, అందుకే ఎడిటింగ్‌లో పెట్టాక మాట ముందూ బొమ్మ వెనకా అవుతుంది. వీడియో ఫైళ్ళను మార్చే హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్ ఎంచుకుని ఒకసారి మార్చుకుంటే సరిపోతుంది. బ్యాంకు యాప్‌లలో చాలావాటి తెర నల్లగా వస్తుంది. అది భద్రత కోసం వాళ్ళు పెట్టిన అడ్డు, దాటే దారులు వెతక్కండి.

ఫ్యాన్ చప్పుడు ఎలా తగ్గించాలి?

ఎండాకాలంలో ఫ్యాన్ ఆపి గంటసేపు మాట్లాడటం ఎవరివల్లా కాదు. మైకును నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకి పెట్టండి. దగ్గరైతే మైకు సున్నితత్వం తగ్గించుకోవచ్చు, దాంతో ఫ్యానూ తగ్గుతుంది. గది గోడలు ఖాళీగా ఉంటే దుప్పటి ఒకటి వేలాడదీయండి. మిగిలినదాన్ని ఓబీఎస్ నాయిస్ సప్రెషన్ ఫిల్టర్‌లోని ఆర్ఎన్‌నాయిస్ పద్ధతి చాలావరకు తీసేస్తుంది. మాట అతి గట్టిగా ఉన్నప్పుడు కూడా ఓబీఎస్ సౌండ్ మీటర్‌లో మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి. బొమ్మ కాస్త తగ్గినా పాఠం నడుస్తుంది, మాట వినపడకపోతే నడవదు.

మధ్యలో కరెంటు పోతే రికార్డింగ్ మొత్తం పోయింది.

మామూలు ఎంపీ4లో ఫైల్ సూచిక చివర్లో రాస్తారు. మధ్యలో ఆగిపోతే ఆ సూచిక ఉండదు, ఫైల్ తెరుచుకోదు. ఓబీఎస్‌లో ఫార్మాట్ ఎంకేవీ పెట్టుకోండి, ఆగిన క్షణం దాకా భద్రంగా ఉంటుంది. తర్వాత ఫైల్ మెనూలో రీమక్స్ రికార్డింగ్స్‌తో ఎంపీ4 చేసుకోవచ్చు. నాణ్యత ఏమాత్రం తగ్గదు, నిమిషం కూడా పట్టదు. పెద్ద పాఠాన్ని అయిదారు నిమిషాల ముక్కలుగా రికార్డు చేస్తే ఇంకా మంచిది.

రికార్డు చేసేముందు ఏమేం మూసేయాలి?

వాట్సాప్ వెబ్, మెయిల్ మూసేసి నోటిఫికేషన్లు ఆపండి. పాఠాల కోసం విండోస్‌లో వేరే యూజర్ అకౌంట్, బ్రౌజర్‌లో వేరే ప్రొఫైల్ పెట్టుకోవడం అన్నిటికంటే సురక్షితం. మీ బుక్‌మార్కులు, పాత సెర్చ్‌లు, పిల్లల ఫోటోలు ఏవీ అందులో ఉండవు. ఏపీఐ కీ (ప్రోగ్రాములు వాడే రహస్య సంకేతం), పాస్‌వర్డ్, ఓటీపీ పొరపాటున కనిపిస్తే వాటిమీద మసక వేసి ఊరుకోకండి. ఆ భాగం కోసేయండి, ఆ కీని రద్దు చేసి కొత్తది తీసుకోండి.

ఎడిటింగ్‌లో జూమ్ చేస్తే మసకగా అవుతోంది.

1080 రికార్డింగ్‌ను 1080 ప్రాజెక్టులో రెండింతలు పెంచితే చుక్కలు సాగక తప్పదు. 4కే (3840×2160) స్క్రీన్ ఉన్నవాళ్ళు అందులో రికార్డు చేసి 1080 ప్రాజెక్టులో జూమ్ చేసుకోవచ్చు, రెండింతల దాకా పదును తగ్గదు. అయితే జూమ్ చేయని భాగాల్లో అక్షరం సగానికి తగ్గుతుంది కాబట్టి, 4కేలో విండోస్ స్కేలింగ్ 300 శాతం పెట్టాలి. అంత స్క్రీన్ లేకపోతే రికార్డు చేసేటప్పుడే సాఫ్ట్‌వేర్‌లో జూమ్ చేసి చూపించండి. అక్షరం కొత్తగా గీయబడుతుంది, సాగదు.

అంతా సరిగ్గా ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి?

ఒక్క నిమిషం రికార్డు చేసి అన్‌లిస్టెడ్‌గా అప్‌లోడ్ చేయండి. ఇంట్లో ఉన్న అతి మామూలు ఫోన్ తీసుకుని, వైఫై ఆపి, క్వాలిటీ 360లో పెట్టి, చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుని చూడండి. మీకు పాఠం తెలుసు కాబట్టి కనిపించని అక్షరాన్ని కూడా చదివేస్తారు. అందుకని ఆ విషయం తెలియని ఒకరికి, అమ్మకో తమ్ముడికో ఫోన్ ఇచ్చి ఒక లైన్ గట్టిగా చదవమనండి. తడబడిన చోట ఫాంట్ రెండు సైజులు పెంచి మళ్ళీ ఆ నిమిషం రికార్డు చేయండి.

ఇప్పటికే మసకగా వచ్చిన వీడియోను బాగుచేయవచ్చా?

షార్పెన్ ఫిల్టర్ వేస్తే అంచులు గట్టిపడతాయి, పోయిన గీత తిరిగి రాదు. ఏఐతో పెద్దవి చేసే సాధనాలు ముఖాలకు పనికొస్తాయి గానీ, మసక అక్షరాన్ని ఇంకో అక్షరంగా ఊహించే ప్రమాదం ఉంది. కోడ్‌లో ఒక్క చుక్క, ఒక్క కామా మారినా నేర్చుకునేవాడు గంటలు వృథా చేసుకుంటాడు. మీ గొంతు రికార్డింగ్ బాగుంటే దాన్ని ఉంచుకుని, దానికి తగ్గట్టు స్క్రీన్ భాగం మాత్రమే మళ్ళీ తీయండి. హెడ్‌ఫోన్స్‌లో మీ పాత మాట వింటూ చేసుకుంటూ పోతే అరగంట పాఠం ఒక సాయంత్రంలో అయిపోతుంది. వెంటనే అంత తీరిక లేకపోతే, ముఖ్యమైన కోడ్‌ను, ఫార్ములాలను వీడియో కింద డిస్క్రిప్షన్‌లో టైపు చేసి పెట్టండి.